మానై వంగునా? కొండచెట్టు కుండీలోకి వచ్చే కథ

పిల్లలూ! "మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత మీ ఇంట్లో ఎప్పుడైనా విన్నారా? మీరు మాట విననప్పుడు అమ్మమ్మో, నానమ్మో ఒక్కసారైనా అనే ఉంటారు. మొక్క అంటే లేతది. మాను అంటే బాగా ఎదిగి ముదిరిన చెట్టు. లేత మొక్కను ఎటు వంచితే అటు వంగుతుంది. ముదిరిన మానును వంచబోతే విరుగుతుంది. అందుకే మంచి అలవాట్లు చిన్నప్పుడే నేర్చుకోవాలని పెద్దవాళ్ళు చెప్తారు.

మరి వంద, రెండు వందల ఏళ్ళ వయసున్న మానును కొండమీంచి తెచ్చి, కుండీలో పెట్టి, అందమైన బోన్సాయ్‌గా మలిచేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఆ మానును ఎలా వంచుతారు? అసలు వంచుతారా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

బోన్సాయ్ అంటే ఏమిటి?

బోన్సాయ్ అనేది జపాన్ భాషలోని మాట. "బోన్" అంటే లోతు తక్కువగా ఉండే పళ్ళెం లాంటి కుండీ. "సాయ్" అంటే నాటడం. కుండీలో పెంచిన చెట్టు అన్నమాట. తెలుగులో కొందరు దీన్ని వామన వృక్షం అంటారు. వామనుడి కథ మీకు తెలుసు కదా! చూడటానికి పొట్టివాడే, కానీ మూడు అడుగులతో లోకాలన్నీ కొలిచాడు. బోన్సాయ్ కూడా అంతే. ఎత్తు తక్కువే, కానీ చూస్తే పెద్ద చెట్టు కింద నిలబడినట్టు ఉంటుంది.

ఈ కళ జపాన్ కంటే ముందు చైనాలో ఉండేది. అక్కడ 706వ సంవత్సరం నాటి ఒక రాజకుమారుడి సమాధి గోడల మీద, చిన్న చిన్న మొక్కలూ రాళ్ళూ ఉన్న పళ్ళెం పట్టుకున్న మనిషి బొమ్మ ఉంది. చైనా నుంచి ఈ కళ జపాన్ వెళ్ళి అక్కడ బాగా ఎదిగింది. 1923లో టోక్యోలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తర్వాత కొందరు బోన్సాయ్ పెంపకందారులు మంచి నీళ్ళు, మంచి గాలి కోసం నగరం వదిలి, 1925లో ఓమియా అనే చోట ఒక బోన్సాయ్ పల్లె కట్టుకున్నారు. అది ఇప్పటికీ ఉంది.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. బోన్సాయ్ అనేది ఒక జాతి చెట్టు కాదు. బోన్సాయ్ గింజలు అంటూ ప్రత్యేకంగా ఏవీ ఉండవు. మామూలు చెట్టునే మనిషి చిన్నగా ఉంచుతాడు. అదే చెట్టును నేలలో నాటితే మళ్ళీ పెద్దగా పెరుగుతుంది.

కొండ చేసిన బోన్సాయ్

కొన్ని చెట్లను మనిషి కంటే ముందు కొండే చిన్నగా ఉంచుతుంది. అదెలా?

అమెరికాలోని రాకీ పర్వతాలనే తీసుకుందాం. అక్కడ జూనిపర్ అనే చెట్టు పెరుగుతుంది. దాని ఆకులు వెడల్పుగా ఉండవు, పొలుసుల్లా చిన్నగా ఉంటాయి. నీలం రంగులో బుల్లి కాయలు కాస్తాయి. ఈ జూనిపర్ గింజ ఒక్కోసారి బండరాళ్ళ సందులో పడుతుంది. అక్కడ ఉండేది చారెడు మట్టి. ఏడాదిలో పెరగడానికి దొరికేది కొద్ది నెలలే. మిగతా కాలమంతా చలి. మంచు బరువుకు కొమ్మలు కిందికి వంగుతాయి. ఈదురుగాలికి కొన్ని కొమ్మలు విరుగుతాయి. కొత్త చిగుళ్ళను జంతువులు కొరికి తింటాయి. అయినా చెట్టు చావదు. మెలికలు తిరుగుతూ, ఏడాదికి కాస్త కాస్త పెరుగుతూ బతుకుతుంది. వందేళ్ళు దాటినా దాని మొదలు మీ చెయ్యంత లావు కూడా ఉండకపోవచ్చు!

ఇలాంటి చెట్టును కొండమీంచి తెచ్చి బోన్సాయ్ చేస్తే దాన్ని జపాన్‌లో "యమదోరి" అంటారు. భయపడకండి, మన యముడికీ ఈ మాటకీ ఏ సంబంధమూ లేదు! జపాన్ భాషలో "యమ" అంటే కొండ. "దోరి" అంటే తీసుకోవడం. కొండనుంచి తీసుకున్నది అని అర్థం.

తీసుకోవచ్చా?

ఇక్కడ ఒక పెద్ద ప్రశ్న ఉంది. రెండు వందల ఏళ్ళు ఒకేచోట బతికిన చెట్టును మనం తీసుకోవచ్చా?

జపాన్‌లో ఇతోయిగావా అనే ఊరి దగ్గర ఎత్తైన కొండచరియలు ఉన్నాయి. అక్కడి జూనిపర్లు చాలా అందమైనవి. ఒకప్పుడు జనం ప్రాణాలకు తెగించి, తాళ్ళతో వేలాడుతూ ఆ చెట్లను తెచ్చి అమ్మేవాళ్ళు. అలా తెచ్చీ తెచ్చీ చివరికి కొండ మీద ఆ చెట్లు చాలా అరుదైపోయాయి. ఇప్పుడు బోన్సాయ్ కోసం పెంచే ఇతోయిగావా జూనిపర్లు చాలావరకు కొమ్మలు నాటి పెంచినవే.

అందుకే ఇప్పుడు కొన్ని నియమాలు ఉన్నాయి. అమెరికాలో నేషనల్ పార్కులోంచి చెట్టు తీసుకోకూడదు. నేషనల్ ఫారెస్ట్‌లో అయితే ముందుగా అటవీ కార్యాలయంలో పర్మిట్ అడగాలి. అది కూడా అన్నిచోట్లా ఇవ్వరు. వేరేవాళ్ళ స్థలంలో ఉన్న చెట్టుకు ఆ స్థలం యజమాని ఒప్పుకోవాలి.

నియమం ఒప్పుకున్నా మన మనసును కూడా ఒక ప్రశ్న అడగాలి: "ఈ చెట్టును నేను బతికించగలనా?" జవాబు "ఏమో" అయితే దాన్ని అక్కడే వదిలేయాలి. గాలికీ మంచుకీ తట్టుకున్న చెట్టు, మన అజాగ్రత్త వల్ల ఒక్క వారంలో ఎండిపోవచ్చు. ఫోటో తీసుకుని, బొమ్మ గీసుకుని ఇంటికి రావడం కూడా మంచి పనే.

తవ్వడం

సరే, పర్మిట్ ఉంది. చెట్టును బతికించే అనుభవమూ ఉంది. ఇప్పుడు ఏం చేస్తారు?

మంచు కరిగి, కొత్త చిగుళ్ళు ఇంకా రాకముందు బయల్దేరుతారు. చెట్టు చుట్టూ మట్టిని చేత్తో మెల్లగా తీసి వేళ్ళు చూస్తారు. లావు వేరు చెట్టును నిలబెడుతుంది. నీళ్ళు తాగేవి మాత్రం జుట్టులా సన్నగా ఉండే పిల్లవేళ్ళు. ఈ పిల్లవేళ్ళు మొదలు దగ్గరే ఉంటే చెట్టు బతుకుతుంది. ఎక్కడో పది అడుగుల దూరంలో రాళ్ళ కింద ఉంటే బతకడం కష్టం. అలాంటప్పుడు మట్టిని మళ్ళీ కప్పేసి వెనక్కి వచ్చేస్తారు.

చెట్టును తీసేటప్పుడు వేళ్ళను పట్టుకున్న పాతమట్టిని దులిపేయరు. దాన్ని తడిపిన గోనెగుడ్డలో చుట్టి, తాడుతో గట్టిగా కట్టి తెస్తారు. ఆ మట్టి చెట్టుకు పుట్టిల్లు లాంటిది. ఒక్కసారిగా అంతా తీసేస్తే చెట్టు తట్టుకోలేదు. తర్వాతి ఏళ్ళలో కుండీ మార్చిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా తీసి కొత్తమట్టి వేస్తారు.

ఏమీ చేయకపోవడమే పని

ఇంటికి తెచ్చిన చెట్టును వెంటనే అందమైన కుండీలో పెట్టరు. ఒక చెక్కపెట్టెలో ప్యూమిస్ అనే రాతి ముక్కలు వేసి నాటుతారు. ప్యూమిస్ అగ్నిపర్వతం నుంచి వచ్చే రాయి. దాని నిండా చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అందువల్ల కొంత నీళ్ళు దాచుకుంటుంది, గాలీ ఆడుతుంది. వేళ్ళకు నీళ్ళూ కావాలి, గాలీ కావాలి.

చెట్టు కదలకుండా పెట్టెకు గట్టిగా కడతారు. ఎందుకంటే చెట్టు ఊగితే కొత్తగా వచ్చే సన్నటి వేళ్ళు తెగిపోతాయి. గాలి తగలని చోట పెట్టి, ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తారు.

తర్వాత? ఆగుతారు. ఒక ఏడాది, రెండేళ్ళు, ఒక్కోసారి మూడేళ్ళు! కొమ్మలు కత్తిరించరు. తీగలు చుట్టరు. ఆకుల్ని అలాగే ఉంచుతారు. ఎందుకో తెలుసా? ఆకులు ఎండతో ఆహారం తయారుచేస్తాయి. ఆ ఆహారంతోనే కొత్త వేళ్ళు పుడతాయి. ఆకులు తీసేస్తే చెట్టు అన్నం తీసేసినట్టే.

జూనిపర్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. వేళ్ళు చచ్చిపోయినా దాని ఆకులు కొన్ని నెలలు పచ్చగానే కనిపిస్తాయి. అందుకే పచ్చగా ఉంటే చాలదు. కొమ్మల చివర కొత్త చిగుళ్ళు జోరుగా పెరుగుతుంటేనే చెట్టు కోలుకుందని అర్థం.

ముందువైపు ఏది?

చెట్టు కోలుకుంది. ఇప్పుడు బోన్సాయ్ కళాకారుడు దాని చుట్టూ తిరుగుతాడు. కూర్చుని చూస్తాడు, నిలబడి చూస్తాడు. పెట్టెకు ఒకవైపు చిన్న చెక్కముక్క పెట్టి, చెట్టును వంచి చూస్తాడు. ఏం వెతుకుతున్నాడు? చెట్టు ముఖం కోసం వెతుకుతున్నాడు. ప్రతి బోన్సాయ్‌కీ ఒక ముందువైపు ఉంటుంది. దాన్ని ఎంచుకోవడానికి ఇవన్నీ చూస్తారు:

1. నేలను పట్టుకున్న వేళ్ళు ఎటునుంచి బలంగా కనిపిస్తున్నాయి?
2. మొదలు మెలికలు ఎటునుంచి బాగా కనిపిస్తున్నాయి?
3. మొదలు కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా కనిపిస్తోందా?
4. ఎండిన కట్టె, బతికున్న బెరడు రెండూ ఒకేసారి కనిపిస్తున్నాయా?

ఇక్కడే మన సామెత దగ్గరికి వచ్చాం. మానును మామూలుగా వంచరు! మాను ఎలా ఉందో అలాగే ఒప్పుకుంటారు. కొండ రెండు వందల ఏళ్ళు కష్టపడి చేసిన మెలికను మనిషి మార్చడు. నాటే కోణం మాత్రం మారుస్తాడు. నిటారుగా ఉన్నప్పుడు మామూలుగా కనిపించిన చెట్టు, కొంచెం వాల్చి నాటితే గాలికి ఎదురు నిలబడినట్టు కనిపించవచ్చు.

తీగ చుట్టి కొమ్మలు వంచడం

మాను వంగదు. కానీ మానుకు కూడా లేత కొమ్మలు ఉంటాయి కదా! వాటిని వంచుతారు.

జూనిపర్ లాంటి చెట్లకు కాల్చి మెత్తబరిచిన రాగి తీగ వాడతారు. ఆకులు రాల్చే చెట్లకు అల్యూమినియం తీగ ఎక్కువగా వాడతారు. తీగ లావు కొమ్మ లావులో సుమారు మూడోవంతు ఉండాలి. కొమ్మ చుట్టూ 45 డిగ్రీల వాలులో చుట్టాలి. మరీ దగ్గరగా చుట్టినా, మరీ దూరంగా చుట్టినా కొమ్మ నిలవదు.

ఆ తర్వాత రెండు చేతులతో మెల్లగా వంచాలి. వంచేటప్పుడు చెవులు కూడా పని చేయాలి. "కిర్రు" మని చప్పుడు వస్తే అక్కడే ఆగిపోవాలి! లావు కొమ్మ అయితే ముందుగా తడిపిన నార చుట్టి, దాని మీద తీగ చుట్టి, ఈ నెల కొంచెం, కొన్ని నెలలకు ఇంకొంచెం వంచుతారు.

కొమ్మల్ని ఎటు వంచుతారు? చాలావరకు కిందికి. ముసలి కొండచెట్ల కొమ్మలు మంచు బరువుకు కిందికి వాలి ఉంటాయని చెప్పుకున్నాం కదా. కింది కొమ్మలు పొడవుగా, పై కొమ్మలు పొట్టిగా ఉంచుతారు. అప్పుడు అన్నిటికీ ఎండ తగులుతుంది. కొమ్మల మధ్య కొంచెం ఖాళీ వదులుతారు. ఒక పిట్ట ఎగిరి దూరేంత ఖాళీ అనుకోండి!

జూనిపర్ కొమ్మ మీద ఉన్న పచ్చదనం మొత్తం తీసేయకూడదు. తీసేస్తే ఆ కొమ్మ చచ్చిపోతుంది.

కొన్ని నెలలకు కొమ్మ కొత్త చోట కుదురుకుంటుంది. ఈలోపు కొమ్మ లావెక్కి తీగ బెరడులోకి దిగుతోందేమో చూస్తూ ఉండాలి. దిగేలోపే తీగను తీసేయాలి. చుట్లు విప్పితే కొమ్మ విరగొచ్చు. అందుకే తీగను ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీస్తారు.

తెల్ల కట్టె, ఎర్ర బెరడు

పాత జూనిపర్‌ను చూస్తే సగం చచ్చిపోయినట్టు, సగం బతికినట్టు ఉంటుంది. ఎందుకంటే ఒక్కో వేరు మొదలు మీద ఒక్కో చారకు నీళ్ళు పంపుతుంది. ఒక వేరు చచ్చిపోతే దాని పైనున్న చార ఎండిపోతుంది. మిగతా చెట్టు బతుకుతుంది. ఎండిన కట్టె గట్టిది కాబట్టి ఎన్నో ఏళ్ళు ఊడిపోకుండా ఉంటుంది.

జపాన్ వాళ్ళు ఎండిన కొమ్మను "జిన్" అంటారు. మొదలు మీద ఎండిన చారను "షారి" అంటారు. వాటిని దాచరు, కోసి పారేయరు. శుభ్రం చేసి, సున్నం, గంధకం కలిపి కాచిన ద్రావణం పూస్తారు. అది కుళ్ళిన గుడ్ల వాసన కొడుతుంది! కానీ ఆరాక కట్టె తెల్లగా అవుతుంది, తొందరగా పుచ్చిపోదు. పక్కన బతికున్న బెరడును తడిపి మెత్తటి బ్రష్‌తో రుద్దితే ఎర్రగా మెరుస్తుంది. చెట్టు పడిన కష్టం తెల్లగా, దాని ప్రాణం ఎర్రగా, పక్కపక్కనే కనిపిస్తాయి.

ఇన్ని పనులూ ఒకే ఏడాదిలో చేయరు. ఒక ఏడాదికి ఒక్క పెద్ద పని. ఈ ఏడాది తీగలు చుడితే కుండీ మార్చడం తర్వాత ఎప్పుడో. చివరికి లోతు తక్కువ కుండీలోకి చేరేసరికి అయిదారేళ్ళు గడిచిపోవచ్చు. అప్పుడు కూడా పని అయిపోదు. నీళ్ళు పోయడం ఎప్పటికీ ఆగదు.

మనవలకు అందే చెట్లు

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో నేషనల్ బోన్సాయ్ అండ్ పెన్‌జింగ్ మ్యూజియం ఉంది. అక్కడ ఒక తెల్ల పైన్ చెట్టు ఉంది. దాన్ని 1625 నుంచి బోన్సాయ్‌గా పెంచుతున్నారు. జపాన్‌లోని హిరోషిమాలో యమాకి కుటుంబం ఇంట్లో ఉండేది. 1945 ఆగస్టు 6న ఆ ఊరి మీద అణుబాంబు పడింది. ఇల్లు బాంబు పడిన చోటికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్నా, గోడ చాటున ఉన్న చెట్టు బతికింది. 1976లో మసారు యమాకి ఆ చెట్టును అమెరికాకు కానుకగా ఇచ్చాడు. బాంబు సంగతి అక్కడివాళ్ళకు 2001లో, ఆయన మనవలు చెట్టును చూడటానికి వచ్చి చెప్పినప్పుడు తెలిసింది.

అదే మ్యూజియంలో "గోషిన్" అనే చిన్న అడవి ఉంది. ఒకే పళ్ళెంలో 11 జూనిపర్ చెట్లు! దాన్ని చేసినవాడు జాన్ నాకా. ఆయన 1914లో అమెరికాలోని కొలరాడోలో పుట్టాడు. అమ్మానాన్నలు జపాన్ వాళ్ళు. చిన్నప్పుడు జపాన్ వెళ్ళి, అక్కడ తాతయ్య దగ్గర బోన్సాయ్ గురించి నేర్చుకున్నాడు. పెద్దయ్యాక అమెరికా తిరిగి వచ్చి ఎంతోమందికి ఆ కళ నేర్పాడు. ఆ పదకొండు చెట్లు ఆయన పదకొండుమంది మనవలకు గుర్తు.

ఫోనులో తాతయ్యతో

మనవరాలు: తాతయ్యా, మనింటి గోడ మీద చెట్టు మొలిచిందట కదా! అమ్మ చెప్పింది.

తాతయ్య: అవునమ్మా, రావిమొక్క. పిట్టలు పళ్ళు తిని రెట్ట వేస్తాయి చూడు, అందులో గింజ ఉంటుంది. ఇటుకల సందులో పడి మొలిచింది.

మనవరాలు: గోడలో మట్టే ఉండదుగా. ఎలా బతుకుతోంది?

తాతయ్య: సందులో ఉన్న కాస్త దుమ్మే దానికి మట్టి. అయిదేళ్ళ నుంచీ ఉంది. నా మోకాలంత ఎత్తు కూడా లేదు. కానీ మొదలు మాత్రం బొటనవేలంత లావుంది.

మనవరాలు: అలాగే ఉంచుతావా?

తాతయ్య: ఉంచితే వేళ్ళు గోడను చీలుస్తాయి తల్లీ. రేపు మేస్త్రీ వస్తాడు.

మనవరాలు: అయ్యో, పారేయకు తాతయ్యా! వేళ్ళు తెగకుండా మెల్లగా తీయమను. కుండీలో పెట్టొచ్చు. మా తెలుగు పాఠంలో ఉంది.

తాతయ్య: రావిచెట్టు కొట్టేయడానికి మీ నానమ్మ ఎలాగూ ఒప్పుకోదులే. తొలకరి కూడా పడింది, తొందరగా వేళ్ళు పడతాయి. నాటాక ఏం చెయ్యాలి?

మనవరాలు: గట్టి ఎండ తగలకుండా పెట్టు. ఏడాది దాకా కత్తెర పెట్టకు.

తాతయ్య: ఏడాదా! సరే, అయితే వచ్చే ఏడు సెలవులకు నువ్వే వచ్చి కత్తిరించు.

కొత్త మాటలు

మాను: ముదిరిన పెద్ద చెట్టు
మొదలు: చెట్టు కింది లావు భాగం
చారెడు: అరచేతిలో పట్టేంత
చిగురు: కొత్తగా వచ్చే లేత ఆకు
నార: చెట్టు నుంచి తీసే పీచు, తాడులా వాడేది
తొలకరి: వానాకాలంలో మొదటి వానలు
కోలుకోవడం: దెబ్బ తగిలాక మళ్ళీ బాగవడం

జవాబులు చెప్పండి

1. కొండ మీద జూనిపర్ చెట్టు ఎందుకు చిన్నగా ఉండిపోతుంది? మూడు కారణాలు చెప్పండి.
2. తెచ్చిన చెట్టు ఆకుల్ని మొదటి ఏడాది ఎందుకు కత్తిరించరు?
3. వేళ్ళకున్న పాతమట్టిని ఒక్కసారిగా ఎందుకు తీసేయరు? మీ ఇంట్లో పెద్దవాళ్ళు సొంతూరు వదిలి వచ్చేటప్పుడు వెంట ఏం తెచ్చుకున్నారో అడిగి నాలుగు వాక్యాలు రాయండి.
4. "మొక్కై వంగనిది మానై వంగునా" అనే సామెత నిజమేనా? ఈ పాఠం చదివాక మీకేమనిపిస్తోంది? ఇంట్లో పెద్దవాళ్ళతో వాదించండి!

చేసి చూడండి

ఒక అడుగు రాగి తీగ తీసుకోండి. పెరట్లో కిందపడిన పచ్చి కొమ్మకు 45 డిగ్రీల వాలులో చుట్టి మెల్లగా వంచండి. తర్వాత ఎండిన కొమ్మతో అదే పని చేయండి. ఏది వంగింది? ఏది విరిగింది? ఎందుకు?

మీరు గల్ఫ్‌లోనో, మలేషియాలోనో, మారిషస్‌లోనో ఉంటే జూనిపర్ పెంచడం కష్టం. దానికి చలికాలం కావాలి. మీకు కాగితం పూల చెట్టు, మర్రి, రావి, చింత బాగుంటాయి. ఎక్కడ ఉన్నా సరే, మీ ఇంటి చుట్టుపక్కల గోడ సందులోనో, రాళ్ళ మధ్యనో పెరుగుతున్న ఒక చిన్న చెట్టును వెతకండి. దాన్ని తీయకండి. నాలుగు వైపులనుంచీ చూసి, దాని ముందువైపు ఏదో మీరే నిర్ణయించి బొమ్మ గీయండి. బొమ్మ కింద ఆ చెట్టుకు ఒక తెలుగు పేరు పెట్టండి.